తగ్గడం తగ్గితే పెరిగినట్టేనా?

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి మా అమ్మాయి హోంవర్క్ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. హైస్కూల్లో ఏపీ కాలిక్యులస్ చదువుతోంది. ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు లెండి, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాగితం మీద ఒక వంపు గీత గీసి ఉంది. ఎడమవైపు అడ్డగీతకి పైన మొదలై, దిగుతూ 2 దగ్గర అడ్డగీతని దాటి కిందికి పోయింది. 4 దగ్గర అడుగు తాకి మళ్ళీ పైకి లేచింది. 6 దగ్గర అడ్డగీతని దాటి పైకి వచ్చేసింది. ప్రశ్న ఏమిటంటే, ఇది ఒక ఫంక్షన్ యొక్క డెరివేటివ్ గ్రాఫు, అసలు ఫంక్షన్ ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ తగ్గుతుంది, దాని శిఖరం ఎక్కడ, లోయ ఎక్కడ?

"4 దగ్గర లోయ, అక్కణ్ణించి పెరుగుతుంది, ఈజీ" అంది మా అమ్మాయి.

"కాదమ్మా, లోయ 6 దగ్గర. 4 నించి 6 దాకా ఇంకా తగ్గుతూనే ఉంటుంది" అన్నాను.

"గీత పైకి వెళ్తోంది కదా నాన్నా! కనిపిస్తోంటే కాదంటావేంటి?"

నిజమే, కనిపిస్తోంది. కాకపోతే కనిపిస్తున్నది వేరే దాని గీత. ఈ ముక్క అర్థమయ్యేలా చెప్పడానికి నాకు గంట పట్టింది, అది కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంటర్మీడియట్లో ఈ పాఠం నేను బట్టీ పట్టిన వాణ్ణే. మొదటి అవకలజం సున్నా, రెండోది రుణమైతే గరిష్ఠం, ధనమైతే కనిష్ఠం. ఎంసెట్‌లో ఆ లెక్కలన్నీ టకటకా చేసేశాను. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ గ్రాఫు గీసి చూపించలేదు, నేనూ అడగలేదు. దాన్ని చదివి అసలు ఫంక్షన్ గురించి చెప్పాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

పడలేదు అనుకున్నాను, పడింది. మా అమ్మాయి చేసిన తప్పే నేనూ ఒకసారి చేశాను. పరీక్షలో కాదు, ఇంట్లో. అది చివర్లో చెప్తాను. ముందు ఈ ఆలోచన ఎక్కడెక్కడ తిరిగి మా వంటింటి బల్ల మీదకొచ్చిందో చెప్పాలి. ఆ రాత్రి తర్వాత నెల రోజులు నేను చదువుకున్నది అదే.

కారులో రెండు మీటర్లుంటాయి. ఒకటి బండి ఎంత వేగంగా పోతోందో చెప్తుంది, రెండోది ఇప్పటిదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్తుంది. రెండోది ఫంక్షన్ అనుకుంటే మొదటిది దాని డెరివేటివ్. స్పీడు 80 నించి 40కి పడిపోయిందంటే బండి వెనక్కి పోయినట్టు కాదు, ముందుకే పోతోంది, నెమ్మదిగా. బండి రివర్సులో పోతూ బ్రేకు వేసినా అంతే. వెనక్కి పోవడం నెమ్మదించింది తప్ప ముందుకు కదల్లేదు. చెప్పుకుంటే ఇంత చిన్న విషయం. కానీ స్పీడు ముల్లు మాత్రమే చూపించి బండి ఎక్కడుందో చెప్పమంటే చాలామంది తడబడతారు.

ఇలా మార్పుల్ని మాత్రమే రాసిపెట్టి, అసలు విలువల్ని వాటి నించి రాబట్టుకోమన్న పాత ఉదాహరణ మన దగ్గరే ఉంది. అన్నీ మనవాళ్ళే కనిపెట్టేశారనే రకాన్ని నేను కాను. కానీ దీన్ని చూసి ఆగిపోయాను. ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో జ్యల పట్టిక ఉందని చిన్నప్పుడే విన్నాను. జ్య అంటే వింటి నారి, అల్లెతాడు. వృత్తంలో చాపానికి ఎదురుగా ఉండే గీత. ఇప్పుడు మనం సైన్ అంటున్నది దాని సంతతే. అయితే ఆ పట్టికలో ఉన్నవి సైన్ విలువలు కావని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఉన్నవి తేడాలు!

ఆయన తొంభై డిగ్రీల్ని 24 భాగాలు చేశాడు. ఒక్కో భాగం మూడు ముప్పావు డిగ్రీలు, అంటే 225 నిమిషాలు. వృత్తం చుట్టుకొలత 21600 నిమిషాలు కాబట్టి వ్యాసార్ధం 3438 నిమిషాలని తీసుకున్నాడు. ఒక్కో మెట్టుకీ జ్య ఎంత పెరుగుతుందో 24 అంకెలు ఇచ్చాడు. వాటిని అక్షరాల్లో ఇరికించి ఒకే ఒక్క శ్లోకంలో పెట్టాడు. ఆయన లెక్కలో మ అంటే 25, ఖి అంటే 200. కాబట్టి మఖి అంటే 225. అదే మొదటి తేడా. చివరిది ఛ, అంటే 7.

ఆ అంకెలు ఇవీ: 225, 224, 222, 219, 215, 210, 205, 199, 191, 183, 174, 164, 154, 143, 131, 119, 106, 93, 79, 65, 51, 37, 22, 7.

ఒక కాగితం తీసుకుని వీటిని వరసగా కూడి చూడండి. 225, 449, 671, 890... ఇలా పోతే ఎనిమిదో మెట్టులో, అంటే 30 డిగ్రీల దగ్గర, 1719 వస్తుంది. 3438లో సరిగ్గా సగం. సైన్ 30 అంటే సగం అని మనం బట్టీ పట్టిందే కదా. ఇరవై నాలుగూ కూడితే 3438 వస్తుంది, అది తొంభై డిగ్రీలు. నేను ఆ రాత్రి కూడి చూసుకున్నాను, ఒక్క అంకె తేడా రాలేదు. పదిహేను వందల ఏళ్ళ కిందటి మనిషి రాసిన డేటా నా ఎక్సెల్ షీటులో టోటల్ సరిపోయింది!

ఇప్పుడు ఆ అంకెల్ని గ్రాఫుగా ఊహించుకోండి. 225 దగ్గర మొదలై దిగుతూ దిగుతూ 7 దాకా వచ్చే గీత. మా అమ్మాయిని అడిగితే "తగ్గుతోంది" అంటుంది. గీత తగ్గుతున్నమాట నిజమే. కానీ జ్య మాత్రం మొదటినించీ చివరిదాకా పెరుగుతూనే ఉంది, ఎందుకంటే ప్రతి అంకే సున్నా కంటే పైనే ఉంది. పెరిగే జోరు తగ్గిందంతే. చివరికి జోరు దాదాపు సున్నా అయిన చోట, తొంభై డిగ్రీల దగ్గర, జ్య తన శిఖరం చేరింది. ఆ మెట్టు దాటాక తేడాలు సున్నా కిందికి పోతాయి, జ్య దిగడం మొదలెడుతుంది. మా అమ్మాయి హోంవర్కులో ఉన్నదంతా ఈ ఒక్క వరసలో ఉంది.

ఇంకో సంగతి ఉంది. ఆ తేడాల మధ్య తేడాలు చూడండి. మొదట్లో 225 నించి 224కి పడింది, ఒకటే. చివర్లో 22 నించి 7కి పడింది, పదిహేను. మధ్యలో 30 డిగ్రీల దగ్గర 199 నించి 191, ఎనిమిది. ఇప్పుడు అక్కడక్కడి జ్యల్ని 225తో భాగించండి. 225కి ఒకటి వస్తుంది. 1719కి ఏడున్నర దాటి వస్తుంది. 3438కి పదిహేను చిల్లర వస్తుంది. అంటే తేడాల తేడా ఆ చోట ఉన్న జ్యకే అనుపాతంలో ఉందన్నమాట. సైన్ రెండో డెరివేటివ్ మళ్ళీ సైనే, రుణ గుర్తుతో అని మనం చదువుకున్నది ఇదే. ఈ సూత్రాన్ని కూడా ఆర్యభటీయం గణితపాదంలో చెప్పారు. భాగించాల్సింది 225తో కాదు, 233న్నరతో అని వెయ్యేళ్ళ తర్వాత కేరళలో నీలకంఠ సోమయాజి 1501 నాటి తంత్రసంగ్రహంలో సరిదిద్దాడు. వెయ్యేళ్ళ పాటు ఒక పట్టికని ఎవరో ఒకరు పట్టించుకుంటూనే ఉన్నారు చూడండి!

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇవి మెట్టు మెట్టుకీ తేడాలే కానీ, మెట్టుని సున్నా దాకా కుదించిన డెరివేటివ్ కాదు. ఆ దిశగా ఒక అడుగు వేసింది భాస్కరాచార్యుడు. 1114లో పుట్టి, 36వ ఏట, అంటే 1150లో సిద్ధాంతశిరోమణి రాశాడు. ఆయనకి అవసరం పంచాంగం దగ్గర వచ్చింది. తిథి ఎన్ని గంటలకి మారుతుందో చెప్పాలంటే చంద్రుడి వేగం తెలియాలి. ఇవాళ్టి చోటు నించి నిన్నటి చోటు తీసేస్తే రోజు మొత్తానికి వేగం వస్తుంది. కానీ చంద్రుడు రోజుకి సగటున 790 నిమిషాల చాపం నడుస్తాడు, ఆ వేగం కూడా రోజు గడిచేలోపే మారిపోతూ ఉంటుంది. అందుకని రోజు సగటు పనికిరాదు, ఆ క్షణానికి ఉన్న వేగం కావాలన్నాడు. దానికి తాత్కాలిక గతి అని పేరు పెట్టాడు. మనం ఇవాళ టెంపరరీ అనే అర్థంలో వాడుతున్న మాట. అక్కడ మాత్రం 'ఆ కాలానికి చెందిన' అని అర్థం.

ఆయన గమనించిన ఇంకో విషయం మన ప్రశ్నకి మరీ దగ్గరది. గ్రహం సగటు లెక్కన ఉండాల్సిన చోటుకీ నిజంగా కనిపించే చోటుకీ కొంత ఎడం ఉంటుంది. సూర్యుడికైతే అది ఎక్కువలో ఎక్కువ రెండు డిగ్రీల చుట్టుపక్కల. ఆ ఎడం పెరిగి, ఒక చోట గరిష్ఠమై, మళ్ళీ తగ్గుతుంది. అది గరిష్ఠమైన చోట గ్రహం నిజ వేగం సగటు వేగంతో సమానం అన్నాడు భాస్కరుడు. అంటే ఎడం శిఖరం మీద ఉన్నప్పుడు ఎడంలో మార్పు సున్నా. 2 దగ్గర గీత అడ్డగీతని దాటడం అంటే ఇదే.

ఇదంతా అంకెల్లో, శ్లోకాల్లో జరిగింది. బొమ్మ గీసి చూసినవాడు ఇంకొకడు. 1350ల్లో పారిస్‌లో నికోల్ ఒరేమ్ అనే పండితుడు, తర్వాత బిషప్ కూడా అయ్యాడు, కాలాన్ని అడ్డంగా ఒక గీత మీద పరిచి, ఏ క్షణాన ఎంత వేగం ఉందో ఆ ఎత్తున నిలువు గీతలు నిలబెట్టాడు. వాటి కొసలు కలిపితే ఒక ఆకారం వస్తుంది. వేగం మారకపోతే దీర్ఘచతురస్రం, సున్నా నించి సమంగా పెరిగితే త్రిభుజం. ప్రయాణించిన దూరం ఆ ఆకారం వైశాల్యం అన్నాడు. త్రిభుజం వైశాల్యం సగం ఎత్తున్న దీర్ఘచతురస్రంతో సమానం కాబట్టి, సమంగా వేగం పుంజుకున్నవాడూ మధ్య వేగంతో ఒకే తీరున నడిచినవాడూ ఒకే దూరం పోతారు. ఈ ఫలితాన్ని కొద్దికాలం ముందే ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీ వాళ్ళు మాటల్లో చెప్పారు. ఒరేమ్ దాన్ని కంటికి కనిపించేలా చేశాడు. దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత 1638లో గెలీలియో కింద పడే వస్తువుల గురించి రాస్తూ అదే త్రిభుజం వాడుకున్నాడు.

నాకు ఒరేమ్ బొమ్మ చూశాకే మా అమ్మాయికి ఏం చెప్పాలో తెలిసింది. డెరివేటివ్ గ్రాఫు చూసినప్పుడు కన్ను గీత వెంట పరిగెత్తకూడదు. గీతకీ అడ్డగీతకీ మధ్య పరుచుకున్న జాగాని చూడాలి. గీత ఎక్కుతోందా దిగుతోందా అన్నది రెండో ప్రశ్న. అడ్డగీతకి పైనుందా కిందుందా అన్నది మొదటి ప్రశ్న. పైనున్నంత సేపూ ఖాతాలో జమ, కిందున్నంత సేపూ ఖర్చు. ఖర్చు తగ్గినా అది ఖర్చే.

శిఖరం దగ్గర ఏం జరుగుతుందో చెప్పే కథ ఇంకోటి ఉంది. ఇది పెళ్ళి కథ. గ్రహాలు దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయని చెప్పిన కెప్లర్ 1613లో, లింజ్ ఊళ్ళో ఉంటున్న రోజుల్లో, రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఇంటికి వైన్ పీపాలు తెప్పించాడు. వ్యాపారి వచ్చి పీపా పక్కనున్న చిల్లులోంచి ఒక కర్రని ఏటవాలుగా అవతలి అంచు దాకా దూర్చి, ఎంతమేర తడిసిందో చూసి ధర చెప్పేశాడు. పీపా పొట్టిదా పొడుగుదా అని చూడలేదు. ఇది మోసం కాదా అని కెప్లర్‌కి అనుమానం వచ్చి లెక్క కట్టడం మొదలుపెట్టాడు. 1615లో పీపాల ఘనపరిమాణం మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. తేలిందేమిటంటే, ఆస్ట్రియా పీపాల ఆకారం ఆ కర్ర కొలతకి ఎక్కువలో ఎక్కువ వైన్ పట్టే ఆకారానికి చాలా దగ్గర. ఆ శిఖరం దగ్గర పీపా ఆకారం కాస్త అటూ ఇటూ అయినా పట్టే వైన్‌లో తేడా దాదాపు ఉండదు. వ్యాపారి మోసం చెయ్యలేదు. శిఖరం మీద నేల చదునుగా ఉంటుంది, అంతే. తర్వాత ఫెర్మా ఈ చదునునే పట్టుకుని గరిష్ఠ కనిష్ఠాలు వెతికే పద్ధతి తయారుచేశాడు.

అందరూ ఎదురుచూసే ఇద్దరు ఇప్పుడొస్తారు. ఎవరు ముందు అనే గొడవ జోలికి నేను పోను. న్యూటన్ 1671లో రాసిన పుస్తకంలో సమస్యలన్నిటినీ రెండు మూటలు కట్టాడు. పోయిన దూరం ఎల్లవేళలా తెలిస్తే వేగం కనుక్కోవడం ఒకటి, వేగం ఎల్లవేళలా తెలిస్తే దూరం కనుక్కోవడం రెండోది. మా అమ్మాయి హోంవర్కు రెండో మూటలోది. ఆ పుస్తకం 1736లో, ఆయన పోయిన తొమ్మిదేళ్ళకి, అచ్చయింది.

లైబ్నిజ్ దారి నాకు ఇంకా నచ్చింది, ఎందుకంటే అది ఆర్యభటుడి పట్టిక లాగే తేడాలతో మొదలైంది. 1672లో పారిస్‌లో ఉండగా హైగెన్స్ ఆయనకి ఒక లెక్క ఇచ్చాడు. 1, 1/3, 1/6, 1/10, 1/15... ఇలా అంతులేకుండా కూడితే ఎంత? లైబ్నిజ్ ఒక్కో సంఖ్యనీ రెండిటి తేడాగా రాశాడు. 1 అంటే 2 లోంచి 1 పోగా మిగిలింది. 1/3 అంటే 1 లోంచి 2/3 పోగా మిగిలింది. 1/6 అంటే 2/3 లోంచి 1/2 పోగా మిగిలింది. వరసగా కూడితే మధ్యవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు 2 అని తేలింది. తేడాలన్నీ కూడితే మిగిలేది చివరిదానికీ మొదటిదానికీ మధ్య తేడా. ఇంత చిన్న సంగతి ఆయన బుర్రలో పన్నెండేళ్ళు నాని 1684 అక్టోబరులో ఆక్టా ఎరుడిటోరమ్ అనే పత్రికలో ఆరు పేజీల వ్యాసమై బయటికొచ్చింది. మా అమ్మాయి పాఠంలోని నియమాలు అందులో దాదాపు అన్నీ ఉన్నాయి. తేడా ధనమైతే గీత పెరుగుతోంది, రుణమైతే తగ్గుతోంది, పెరుగుదల తగ్గుదలగా మారే చోట తేడా సున్నా. తేడాల తేడా గీత ఎటువైపు వంగిందో చెప్తుంది, అది గుర్తు మార్చుకున్న చోట వంపు తిరుగుతుంది.

1797లో లగ్రాంజ్ డెరివేటివ్ అనే పేరూ, నెత్తిన చిన్న గీత పెట్టే గుర్తూ ఇచ్చాడు. డెరివేటివ్ ధనమైతే ఫంక్షన్ పెరుగుతుందన్నది చూస్తే తెలుస్తోంది కదా అని ఊరుకోకుండా దానికి రుజువు కావాలన్నవాడు కోషీ, 1823లో పారిస్‌లో తన పాఠాల్లో. చూస్తే తెలుస్తోంది అనుకునే చోటే మనం బోల్తా పడతాం కాబట్టి ఆ పట్టుదల మంచిదే. ఉదాహరణకి సున్నాని తాకితే చాలు శిఖరమో లోయో ఉన్నట్టే అనుకుంటాం. ఎక్స్ క్యూబ్ డెరివేటివ్ సున్నా దగ్గర అడ్డగీతని తాకి, దాటకుండా మళ్ళీ పైకి పోతుంది. అక్కడ శిఖరమూ లేదు లోయా లేదు, మెట్ల మధ్య చప్టా లాంటిది ఉంది. తాకడం వేరు, దాటడం వేరు.

ఇంత చరిత్ర గడిచాక కూడా మనం రోజూ పేపర్లో ఈ తప్పు చదువుతూనే ఉన్నాం. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ద్రవ్యోల్బణం పెరిగే రేటు తగ్గుతోందని చెప్పుకున్నాడట. ధరల్లో మార్పు ద్రవ్యోల్బణం, దాని పెరుగుదల రెండో డెరివేటివ్, అది తగ్గడం మూడోది. ఎన్నికల కోసం మూడో డెరివేటివ్‌ని వాడుకున్న మొదటి అధ్యక్షుడు ఈయనే అని హ్యూగో రాసీ అనే గణితవేత్త 1996లో చమత్కరించాడు. నవ్వొస్తుంది. కానీ ఇక్కడ ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1 శాతం, 2023 జూన్‌లో 3 శాతం. బాగా తగ్గింది అన్నారు. తగ్గిన మాట నిజం. 2021లో వంద డాలర్లున్న సరుకుల బుట్ట 2022కి 109 అయ్యి, 2023కి 112 దాటింది. మరి తగ్గిందన్నారు కదా అని కొట్లో చుట్టూ చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? కరోనాలో కూడా అంతే. 2021 మే మొదట్లో ఇండియాలో రోజుకి నాలుగు లక్షలు దాటిన కొత్త కేసులు తర్వాత తగ్గడం మొదలెట్టాయి. తగ్గుతోంది కదా అని మనం ఊపిరి పీల్చుకున్నాం. మొత్తం కేసుల లెక్క మాత్రం పెరుగుతూనే ఉంది.

ఇప్పుడు నా తప్పు.

2008లో మా నాన్నగారు బరువు తగ్గడం మొదలెట్టారు. నేనిక్కడ, వాళ్ళక్కడ. శనివారం పొద్దున్న కాలింగ్ కార్డుతో ఫోన్. నాన్నగారు ఆరోగ్యం గురించి ఏమీ చెప్పరు, అమ్మే చెప్తుంది. మొదటి నెల రెండున్నర కేజీలు తగ్గారంది. భయపడి డాక్టర్ దగ్గరకి వెళ్ళమన్నాను. ఎండాకాలం, తిండి సయించడం లేదు అన్నారు. తర్వాత నెల రెండు కేజీలు. తర్వాత ఒకటిన్నర. తర్వాత ఒకటి.

"ఈ నెల అరకేజీయేరా తగ్గారు, పర్లేదు, నయం" అంది అమ్మ ఐదో నెల.

"అయితే కోలుకుంటున్నారన్నమాట" అన్నాను నేను. మనస్ఫూర్తిగా సంతోషించాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

రెండున్నర, రెండు, ఒకటిన్నర, ఒకటి, అర. గీత పైకే వస్తోంది. కానీ అడ్డగీతకి కిందే ఉంది. ఐదు నెలల్లో ఒక్క నెల కూడా ఆయన ఒక్క గ్రాము పెరగలేదు. ఐదూ కూడితే ఏడున్నర కేజీలు. ఆ కూడిక నేను చెయ్యలేదు. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరెవరి డేటాబేసుల్లోనో టోటల్స్ సరిచూసే వాణ్ణి. మా నాన్నగారివి ఐదు అంకెలు కూడలేదు.

ఇంకోటి కూడా అడగలేదు. మొదట ఎంత ఉండేవారు? సమాకలనం చేశాక చివర ప్లస్ సి రాయకపోతే మా ఇంటర్ మేష్టారు అర మార్కు కోసేవారు. మార్పులన్నీ తెలిసినా మొదలు తెలియకపోతే ఎక్కడున్నామో తెలియదని ఆ సి చెప్తుంది. ఆర్యభటుడి పట్టిక పనిచేసిందంటే సున్నా డిగ్రీల దగ్గర జ్య సున్నా అని తెలుసు కాబట్టే. దూరంగా ఉన్నవాడికి ఫోన్లో వచ్చేవన్నీ మార్పులే. కాస్త తగ్గింది, కాస్త నయం, పోయిన వారం కంటే మేలు. వాటిని మనం కట్టుకున్న మొదలు మీద పేర్చుకుంటాం. నా మొదలు నేను రెండేళ్ళ కిందట ఎయిర్‌పోర్టులో చూసిన మనిషి. అమ్మ తూకం వేయించడం మొదలెట్టేసరికే ఆయన చాలా తగ్గి ఉన్నారని నాకు తెలియదు.

ఆ సంక్రాంతికి వెళ్ళాను. రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. నన్ను చూసి నవ్వారు. నేను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ ఆలస్యం ఆయన చూశారు.

షుగర్ అని తేలింది. ఎప్పణ్ణించో ఉంది, ఎవరూ చూడలేదు. ఇన్సులిన్ మొదలెట్టాక మళ్ళీ మనిషయ్యారు, చాలా ఏళ్ళు బాగానే ఉన్నారు. నాకు రావాల్సిన శిక్ష రాకుండా తప్పిపోయింది, అంతే. అప్పణ్ణించీ ఫోన్లో "ఎలా ఉంది" అని అడిగి ఊరుకోను, "ఎంత ఉంది" అని అడుగుతాను. అమ్మ విసుక్కుంటుంది, అయినా చెప్తుంది.

ఈ కథ మా అమ్మాయికి చెప్పలేదు. ఇంకో రోజు చెప్తాను. ఆదివారం రాత్రి మాత్రం ఆర్యభటుడి అంకెలు 24 ఒక కాగితం మీద రాసిచ్చాను. "ఇవి తగ్గుతున్నాయి కదా, మరి వీటిని కూడుతూ పోతే వచ్చేది తగ్గుతుందా పెరుగుతుందా?" అని అడిగాను. పెన్సిల్ తీసుకుని కూడడం మొదలెట్టింది. తొమ్మిదో పదో అంకె దగ్గర ఆగి, తన హోంవర్కు కాగితం దగ్గరికి లాక్కుని, 4 దగ్గర రాసుకున్న 'లోయ' చెరిపేసి 6 దగ్గర రాసుకుంది. నాకేమీ చెప్పలేదు. మళ్ళీ వెళ్ళి మిగతా అంకెలు కూడుకుంది, 3438 వచ్చేదాకా.